మిల్లు షెడ్డు ఫ్రేముకు సరిపడే ఇంజిన్: ప్రాజెక్టు డైరీ

సంక్రాంతి తర్వాత

పాత మోటార్‌సైకిల్ ఫ్రేము ఒకటి ఇంటికి చేరింది. మిర్యాలగూడలో మూతపడ్డ ఓ రైస్ మిల్లు షెడ్డులో, పాత పుల్లీలు, తెగిన బెల్టుల కింద పడి ఉంది. తుక్కు ఇనుముతో పాటు దీన్నీ తూకానికి పెడుతున్నారని తెలిసి వెళ్లాను. అగ్గువకే వచ్చింది, కిలో లెక్కన. అయినా మిల్లు వాళ్లతో అమ్మినట్టు కాగితం రాయించి, సంతకం పెట్టించుకున్నాకే ట్రాలీ ఆటోలో వేశాను. దీని మెడ మీద చాసిస్ నంబరు లేదు మరి. గీకేసిన ఆనవాలూ లేదు. అసలు ఎవరూ కొట్టనే లేదు.

అంటే ఇది కంపెనీ ఫ్రేము కాదు. మిల్లు ఇంజిన్లు చూసుకునే మేస్త్రి ఒకాయన ఎప్పుడో సొంతానికి కట్టుకున్నాడని అక్కడి వాచ్‌మన్ చెప్పాడు. చూస్తే నిజమే అనిపిస్తోంది. మెడ గొట్టం లేత్ మీద తీసింది. అతుకులు కరెంటు వెల్డింగ్ కాదు, ఇత్తడి పోసి బ్రేజింగ్ చేసినవి. తుప్పు గీకితే ప్రతి అతుకు చుట్టూ సన్నటి పసుపు గీత బయటపడుతోంది. ముందు నుంచి ఒకే పైపు కిందికి దిగి, ఇంజిన్ కూర్చునే చోట రెండుగా చీలి వెనక్కి పోతుంది. వెనక షాకబ్జర్లు లేవు, ఇరుసు నేరుగా ఫ్రేముకే. సీటు కింద స్ప్రింగులే నడుముకు దిక్కు.

ఇంజిన్ లేదు, గేర్ బాక్స్ లేదు, చక్రాలు లేవు. మన దగ్గర సాధారణంగా ఏమవుతుందంటే, ముందు ఎక్కడో ఒక ఇంజిన్ దొరుకుతుంది, తర్వాత దాన్ని చేతికందిన ఫ్రేములో ఇరికిస్తారు. పట్టకపోతే గ్రైండర్ ఉండనే ఉంది. ఇక్కడ అలా చేయదలచుకోలేదు. ఈ అతుకులు చూశాక దీన్ని కోయడానికి మనసు ఒప్పలేదు. ఫ్రేమును కోయకుండా, ఉన్న కంతలతో, ఉన్న పట్టీలతో ఏ ఇంజిన్ కూర్చుంటుందో అదే పెట్టాలి. షరతు ఇదొక్కటే.

ఫ్రేమును కడిగితే

కిరోసిన్ ఇప్పుడు దొరకదు కాబట్టి డీజిల్, తీగ బ్రష్షు. మట్టి, గ్రీజు, ఊక అన్నీ కలిసి గట్టిపడిన పొర. అది ఊడుతున్న కొద్దీ ఈ ఫ్రేములో ఒకప్పుడు ఏ ఇంజిన్ ఉండేదో తెలుస్తూ వచ్చింది.

ముందు కనబడింది గేర్ బాక్స్ కూర్చునే చోట పొడుగు కంత. గుండ్రంగా కాదు, బోల్టు ముందుకూ వెనక్కూ జరిగేలా కోసింది. మన బుల్లెట్‌కు ఇలాంటి కంత అక్కర్లేదు. బుల్లెట్‌లో గేర్ బాక్స్‌ను ఇంజిన్ వీపుకే స్టడ్లతో బిగించేస్తారు, అది జరగదు. ఇంజిన్ నుంచి క్లచ్‌కు పోయే ప్రైమరీ చైను వదులైతే కేసు లోపల ఉండే టెన్షనర్‌తోనే సరిచేయాలి. పాత ఇంగ్లిషు బళ్లు చాలావాటిలో ఇంజిన్ వేరు, గేర్ బాక్స్ వేరు. ప్రైమరీ చైను బిగించాలంటే గేర్ బాక్స్‌నే వెనక్కి జరుపుతారు. ఈ కంత దానికోసమే.

తర్వాత సీటు పైపు పక్కన రెండు చిన్న పట్టీలు. బ్యాటరీకి అనుకుంటే మరీ పైన ఉన్నాయి, టూల్ బాక్స్‌కు అనుకుంటే మరీ గట్టిగా ఉన్నాయి. ఆయిల్ ట్యాంకుకు అనుకుంటే మాత్రం సరిగ్గా కుదిరింది. ఇంగ్లిషు కంపెనీ బీఎస్ఏ లాంటివాళ్ల బళ్లలో ఆయిల్ ఇంజిన్ అడుగున నిలవ ఉండదు. విడిగా ఉన్న ట్యాంకు నుంచి ఇంజిన్‌లోకి వెళ్లి, అక్కడి నుంచి పంపు లాగితే మళ్లీ ట్యాంకుకే చేరుతుంది. దీన్ని డ్రై సంప్ అంటారు. బుల్లెట్‌లోనూ పద్ధతి ఇంచుమించు ఇదే, కాకపోతే ఆ ట్యాంకు క్రాంక్ కేసులోనే వెనక వైపు ఓ గదిగా పోత పోసి ఉంటుంది. బయట ట్యాంకు పని లేదు.

ఎడమ వైపు వెనక పైపు మీద చైను రాసుకున్న గీత కూడా ఉంది. అంటే చైను ఎడమ పక్క నడిచింది.

ఫోటోలు తీసుకెళ్లి నల్గొండ ప్రకాశం బజార్ దగ్గర ఉండే మా పాత మెకానిక్‌కు చూపించాను. ఆయన చదివింది తక్కువ, విప్పి బిగించింది ఎక్కువ. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి ఫోన్‌ను మొహానికి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"సార్, గిది బీఎస్ఏ ఇంజిన్ కోసం కట్టిన ఫ్రేమే. నేను పని నేర్చుకునేటప్పుడు మా ఉస్తాద్ దగ్గర ఒకటి ఉండె. గేర్ డబ్బా జరపనీకి నాతోనే బోల్టు ఇప్పిస్తుండె."

"ఏ బీఎస్ఏ అయ్యుంటది మేస్త్రీ?"

"గది నేనెట్ల చెప్పాలె? ఇంజిన్ ఉంటె చెప్తుంటి."

నా అంచనా మాత్రం రెండింట్లో ఒకటి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం లక్షకు పైగా వాడిన ఎం20 ఒకటి. 496 సీసీ, వాల్వులు సిలిండర్ పక్కన ఉండే సైడ్ వాల్వ్ ఇంజిన్, పరుగు తక్కువ, బరువు లాగడం ఎక్కువ. యుద్ధం అయ్యాక సైన్యం వదిలించుకున్న బళ్లు మన దేశంలో చాలా చోట్లకు చేరాయి. రెండోది బీ31, 348 సీసీ, 1945లో మొదలై 1950ల చివరిదాకా వచ్చింది.

నిటారుగా ఉందా, లేదా

ఇంజిన్ వెతకడం మొదలుపెట్టే ముందు ఈ పని తప్పించుకోకూడదు. మెడ గొట్టంలో తిన్నటి ఇనుప కడ్డీ దూర్చి, ఫ్రేమును సమతలంగా ఉన్న గచ్చు మీద దిమ్మెలతో నిలబెట్టి, వెనక ఇరుసు పట్టీల మధ్య బిందువు నుంచి మెడ మధ్యకు దారం లాగాం. ఇంజిన్ కింది పైపులు రెండూ దారానికి సమాన దూరంలో ఉన్నాయి. వెనక చివర కుడి పట్టీ ఓ రెండు మి.మీ. పైకి ఉంది. షెడ్డులో బరువు మీద పడి వంగిందో, కట్టినప్పుడే అంతేనో. ఆకురాయితో రుద్ది సరిచేయగలిగినంతే కాబట్టి వదిలేశాం.

పైపు మందం చూడటానికి, ఎలాగూ పూడ్చాల్సిన ఓ పాత కంత పక్కన సన్నటి డ్రిల్లు దింపి కొక్కెం తీగతో కొలిచాం. మూడు మి.మీ.కు కాస్త అటూ ఇటూ. లోపల తుప్పు పొడి రాలింది గానీ పొర ఊడలేదు. ఇది పెద్ద సింగిల్ సిలిండర్ ఇంజిన్‌ను మోయగలదు.

ఏ ఇంజిన్?

అందరికీ అభిప్రాయాలు ఉన్నాయి. ఆఫీసులో ఒకాయన 100 సీసీ పెట్టేయమన్నాడు, మైలేజీ వస్తుందట. ఈ ఫ్రేములో ఆ ఇంజిన్ ఎద్దుల కొట్టంలో మేకపిల్లను కట్టేసినట్టు ఉంటుంది. పైగా ఈ ఫ్రేము కింది పైపుల మీది పట్టీలకు దాని కాళ్లు కలవవు.

మా బావది ఇంకో దారి. కనగల్ దగ్గర వాళ్లకు బత్తాయి తోట. త్రీ ఫేజ్ కరెంటు రాత్రిపూట మాత్రమే వచ్చే రోజుల్లో డీజిల్ ఇంజిన్‌తో తడులు పెట్టిన మనిషి. "బావా, డీజిల్ బెట్టు. లీటరు పోస్తే పోతనే ఉంటది" అన్నాడు. నవ్వుకోవాల్సిన మాటేం కాదు. ఎన్‌ఫీల్డ్ వాళ్లే టారస్ అని డీజిల్ బుల్లెట్ అమ్మారు. గ్రీవ్స్ లాంబార్డిని 325 సీసీ ఇంజిన్, ఆరున్నర హార్స్‌పవర్. పాల క్యాన్లు, గడ్డి మోపులు వేసుకుపోయేవాళ్లకు అది బాగానే నడిచింది. కానీ వెనక షాకబ్జర్లే లేని ఫ్రేము మీద డీజిల్ అదురు కూడా తోడైతే ముందు ఊడేవి ఆ ఇత్తడి అతుకులే. బావకు అదే చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

ఎజ్డీ మీద మాత్రం మనసు లాగింది. మైసూరులో ఐడియల్ జావా 1996లో మూతపడేదాకా వచ్చిన 250 ఇంజిన్. బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 65 మి.మీ.; స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందికీ తిరిగే దూరం, 75 మి.మీ.; రెండు పక్కలా రెండు సైలెన్సర్లు. ఇంజిన్, గేర్ బాక్స్ ఒకే ముద్ద. విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. అడ్డొచ్చింది ఎత్తు. టూ స్ట్రోక్ కాబట్టి పైన వాల్వులు, రాకర్లు ఏవీ లేవు, ఇంజిన్ పొట్టిగా ఉంటుంది. ఈ ఫ్రేములో పెడితే సిలిండర్‌కూ పెట్రోల్ ట్యాంకుకూ మధ్య ఇంత ఖాళీ. కింద పట్టీలు కూడా ఒక్కటీ కలవవు. అన్నీ కొత్తగా అతకాలి, పాతవి కోయాలి. షరతు దాటుతుంది.

2009 నుంచి వచ్చిన యూనిట్ ఇంజిన్ బుల్లెట్ కూడా ఇదే లెక్కలో పోయింది. మంచి ఇంజినే, వాల్వులను కదిపే ట్యాపెట్లు సర్దే పని కూడా లేదు, హైడ్రాలిక్. కానీ గేర్ బాక్స్ అదే కేసులో కలిసిపోయి ఉంటుంది, బిగించే కంతలు వేరే చోట. పైగా ఇగ్నిషన్ ఎలక్ట్రానిక్.

ఇక బీఎస్ఏ. న్యాయంగా చూస్తే దీనికి హక్కుదారు అదే. హైదరాబాద్‌లో ఒకరి దగ్గర బీ31 కింది భాగం ఉందని తెలిసి వెళ్లి చూశాను. హెడ్డు లేదు, మాగ్నెటో డైనమో జంటగా ఉండే లూకాస్ మాగ్‌డైనో లేదు, గేర్ బాక్స్ లేదు. చెప్పిన ధరకు నడిచే బుల్లెట్ వస్తుంది. అయినా ధర కాదు అసలు బాధ. అరిగిన ఒక్కో ముక్క బయటి దేశం నుంచి తెప్పించుకోవాలి, వచ్చేదాకా ఫ్రేము మళ్లీ షెడ్డులోనే. ఇది బీఎస్ఏ కంపెనీ ఫ్రేమైతే మరో మాట లేకుండా బీఎస్ఏ కోసమే ఆగేవాణ్ణి, అక్కడ అసలుతనానికి విలువ ఉంది. ఇది మిల్లు మేస్త్రి తనకు దొరికిన ఇంజిన్ కోసం కట్టుకున్నది. ఆయన కూడా అప్పట్లో చేతికి అందినదే పెట్టాడు కదా.

అలా మిగిలింది పాత బుల్లెట్ 350, కాస్ట్ ఐరన్ ఇంజిన్. 70 మి.మీ. బోరు, 90 మి.మీ. స్ట్రోకు, 346 సీసీ. 18 హార్స్‌పవర్. 1955లో మద్రాసులో మొదలైన బండి మూల రూపం పెద్దగా మారకుండా 2010 ప్రాంతం దాకా నడిచింది కాబట్టి దీని సామాను లేని ఊరు లేదు. ఈ ఫ్రేముకు సంబంధించి అంతకంటే పెద్ద లాభాలు ఉన్నాయి. చైను ఎడమ పక్కే. ఆయిల్ ట్యాంకు లోపలే. గేర్ బాక్స్ ఇంజిన్‌కే అతుక్కుని వస్తుంది కాబట్టి చేత్తో కట్టిన ఫ్రేములో రెండు వస్తువుల్ని ఒక గీత మీదికి తెచ్చే తిప్పలు లేవు, ఒక్క ముద్దను సరిగ్గా కూర్చోబెడితే చాలు. ఎత్తు కూడా అట్టముక్క కోసి పెట్టి చూస్తే సరిపోయేలా ఉంది.

500 పెడదామా అన్న ఆలోచన రాలేదని కాదు. 84 మి.మీ. బోరు, స్ట్రోకు అదే 90. షాకబ్జర్లు లేని బండికి ఆ గుద్దుడు వద్దనుకున్నాను.

కాగితాలు

ఇంజిన్ దేవరకొండ రోడ్డులో దొరికింది. లారీ తగిలి ఫ్రేము మెడ దగ్గర విరిగిన బుల్లెట్. యజమాని పెద్దాయన, ఆర్సీ ఆయన పేరు మీదే ఉంది, ఆ బండి మీద ఆయనకు ఆశ పోయింది. క్రాంక్ కేసు మీది ఇంజిన్ నంబరును ఆర్సీతో కలిపి చూసి, అంకెల చుట్టూ ఆకురాయి పెట్టిన జాడ లేదని బల్బు వెలుగులో తేల్చుకుని, అమ్మకం కాగితం, ఆర్సీ నకలు తీసుకున్నాను. గేర్ బాక్స్, వెనక చక్రంతో కలిపి రూ.22,000. పిరమే, కానీ దొంగసొత్తు కాదని రాత్రిళ్లు నిద్ర పడుతుంది.

రోడ్డు మీద నడపడం గురించి అందరూ అడుగుతున్నారు. నడపను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ చెప్పిన, ఆర్సీలో ఎక్కిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. ఇంజిన్ మార్చాలన్నా రవాణా శాఖ అనుమతి ఉండాలి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్ మీద గట్టిగానే చెప్పింది. 2021లో పాత బళ్లకు విడిగా వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చారు, ఎవరో నాకు ఆశ పెట్టారు కూడా. అది మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, చాసిస్సూ ఇంజినూ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉన్న బళ్లకు. నంబరే లేని ఫ్రేముకు అందులో చోటు లేదు. కాబట్టి ఇది బావ తోటలో తిరిగే బండి. తోట చుట్టూ బాట, మధ్యలో డ్రిప్పు పైపుల మీదుగా రెండు కల్వర్టులు. చాలు.

ఖాళీ కేసుతో కూర్చోబెట్టడం

ఈ పని చేయాలనుకునేవాళ్లకు నేను చెప్పేదంటూ ఉంటే ఇదే: అసలు ఇంజిన్‌ను ఫ్రేములో పెట్టి వెల్డింగ్ చేయకండి. బరువు సంగతి సరే, వెల్డింగ్ కరెంటు బేరింగుల గుండా పోతే గుండ్ల మీద, వాటి దారి మీద మచ్చలు పడతాయి. అవి తర్వాత ఏడుస్తాయి. మా మెకానిక్ దగ్గర కాళ్లు విరిగిన పాత క్రాంక్ కేసు ఒకటి, లోపల ఏమీ లేని గేర్ బాక్స్ డొక్కు ఒకటి ఉన్నాయి. వాటిని కలిపి బిగించి, పైన పాడైపోయిన బోరు, హెడ్డు పెట్టాం. ఒంటిచేత్తో ఎత్తేలా తేలికైన డమ్మీ.

డమ్మీని చెక్క ముక్కల మీద నిలబెట్టి, ఒక్కో ముక్క తీస్తూ, పెడుతూ కుదురు వెతికాం. చూసుకోవాల్సినవి ఒకదానితో ఒకటి కొట్లాడతాయి. ఇంజిన్ దించితే బరువు కిందికొచ్చి బండి నిలకడగా ఉంటుంది, కానీ ఎడమ పైపు ప్రైమరీ కేసుకు తగులుతుంది. ఎత్తితే ఆ గొడవ పోతుంది, కానీ హెడ్డు తీయాలంటే ఇంజిన్ మొత్తం దించాలి. ఫ్రేములోనే హెడ్డు ఊడి వచ్చేలా ఉండటం నాకు ముఖ్యం. తోటలో రిపేరు చేసుకునే బండికి హెడ్డు కోసం ఇంజిన్ దించే యోగం వద్దు. చివరికి హెడ్డుకూ ట్యాంకు పైపుకూ మధ్య మూడు వేళ్ల సందు, ఎడమ పైపుకూ కేసుకూ మధ్య చిటికెన వేలు పట్టే సందు వచ్చిన చోట ఆగాం.

తర్వాత చైను లైను. ఇక్కడే ఎక్కువ సేపు కూర్చున్నాం. వెనక చక్రం బుల్లెట్‌దే కాబట్టి 38 పళ్ల స్ప్రాకెట్ బ్రేక్ డ్రమ్ముతో కలిసి ఒకే పోత. పళ్లను విడిగా ఇటు అటు జరపలేం. చక్రాన్ని ఫ్రేము మధ్యలో నిలిపి, తిన్నటి అల్యూమినియం పట్టీని వెనక స్ప్రాకెట్ మొహానికి ఆనించి ముందుకు చాపితే, గేర్ బాక్స్ స్ప్రాకెట్ ఐదు మి.మీ. లోపలికి ఉంది. అలాగే వదిలేస్తే చైను వంకరగా నడిచి పళ్లను ఒక పక్క నుంచి కోసేస్తుంది. ఉన్న దార్లు రెండు. చక్రాన్ని కుడికి జరిపి, చువ్వలు సర్ది రిమ్మును మళ్లీ మధ్యకు తేవడం ఒకటి. ఇంజిన్‌ను ఐదు మి.మీ. ఎడమకు జరపడం రెండోది. రెండోదే చేశాం. ఆ ఐదు మి.మీ. బరువు తేడా నడిపేవాడికి తెలియదు. చిటికెన వేలి సందు మాత్రం సగం అయింది, దానికి ఒప్పుకున్నాం. మధ్యలో వాషర్ల దొంతరలు పెట్టకుండా మిర్యాలగూడలో రైస్ మిల్లు షాఫ్టులు తీసే లేత్ దగ్గర బుష్‌లు చేయించాను. వాషర్లు అదురుకు నలిగి బోల్టు వదులవుతుంది.

ఇంజిన్ ప్లేట్లకు ముందు అట్ట, తర్వాత ప్లైవుడ్, అది సరిపోయాకే ఎనిమిది మి.మీ. ఇనుప ప్లేటు. వెనక ప్లేటు బోల్టు ఆ పాత పొడుగు కంతలోనే దిగింది. కంతను పూడ్చలేదు, లోపల బోల్టు జరగకుండా కొలతకు తీసిన ఇనుప బిళ్ల పెట్టాం. రేపు ఎవరికైనా బీఎస్ఏ దొరికితే బిళ్ల తీసేస్తే సరి. ఫ్రేముకు కొత్తగా అతికింది ఒకే ఒక్కటి, హెడ్డును పై పైపుకు పట్టి ఉంచే చిన్న పట్టీ. అది లేకపోతే ఈ పొడుగు ఇంజిన్ అదురుకు ముందు ప్లేట్లు పగులుతాయి. దాన్ని కూడా బ్రేజింగే చేయించాను. గ్యాస్ వెల్డింగ్‌తో ఇత్తడి పోసేవాళ్లు తగ్గిపోయారు. సూర్యాపేటలో పాత రేడియేటర్లు చేసే చాచా ఒకాయన ఉన్నాడంటే ఫ్రేమును అక్కడిదాకా మోసుకెళ్లాం. ఆయన తన అతుకు కంటే మిల్లు మేస్త్రి అతుకులను ఎక్కువసేపు చూశాడు.

ఇంజిన్ విప్పితే

టైమింగ్ కవరు తీయగానే మా మెకానిక్ పళ్లు పటపటలాడించాడు. ఆయిల్ పంపులను తిప్పే వార్మ్ నట్టు మీద ఉలి గాట్లు. అది ఉల్టా మర. అందరిలా ఎడమకు తిప్పితే ఇంకా బిగుస్తుంది. అంతకుముందు ఎక్కడో ఎవరో ఆ సంగతి తెలియక సుత్తి, ఉలి పట్టారు. మర బతికి ఉంది, నట్టు మార్చాం.

పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కాన్‌రాడ్‌ను, పిస్టన్ పైకి వచ్చే చోట నిలిపి పైకీ కిందికీ లాగి చూశాం. పక్కలకు కాస్త ఆడొచ్చు, అది సహజం. పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. ఇది ఆడింది, టక్ మని చేతికి తెలిసేంత. లోపల పాత తరహా ఫ్లోటింగ్ బుష్. కొత్తగా అదే వేయాలా, రోలర్ బేరింగ్ వేయాలా అని మళ్లీ చర్చ. తోట బండికి గంటల తరబడి పరుగు లేదు, మెల్లగా, ఎక్కువ లాగుడుతో నడుస్తుంది. ఆయిల్ శుభ్రంగా లేకపోతే బుష్ ఊరుకోదు, రోలర్ కాస్త సహిస్తుంది. రోలరే వేయించాం. బోరు ట్వంటీ ఓవర్‌సైజుకు, అంటే అర మి.మీ. పెద్దగా తీయించాం. వాల్వులు రుద్దించి, గైడ్లు మార్చి హెడ్డు మూశాం.

ట్యాపెట్లకు ఈ ఇంజిన్‌లో సందు కొలిచే ఫీలర్ గేజి కూడా అక్కర్లేదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పుష్ రాడ్‌ను వేళ్లతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ మాత్రం కదలకూడదు. మెకానిక్ నా చేత తిప్పించాడు. తాను సర్దిన దాన్ని మళ్లీ వదులు చేసి, "నువ్ జెయ్ సార్, చెయ్యికి ఎరుక గావాలె" అన్నాడు.

ఉగాది తర్వాత

ఇంజిన్ కూర్చుంది. సైలెన్సర్ బెండు పైపు కుడి ఫుట్‌రెస్ట్‌కు తగులుతోంటే, పైపులో ఎండిన ఇసుక దట్టించి, ఎర్రగా కాల్చి ఇంకాస్త వంచారు. ఇసుక లేకుండా వంచితే నొక్కుకుపోతుంది.

స్టార్టింగ్ రోజు టెన్షన్ నాకే, మెకానిక్ చాయ్ తాగుతూ కూర్చున్నాడు. ముందు ప్లగ్గు తీసేసి, రాకర్లకు పోయే ఆయిల్ పైపు బోల్టు కాస్త వదిలి, కిక్కు కొడుతూ పోయాం. అక్కడ నూనె ఊరితేనే పంపులు పనిచేస్తున్నట్టు. మొదట గాలి బుడగలు, తర్వాత నల్లటి చుక్క, ఆ తర్వాత కొత్త నూనె. బోల్టు బిగించి ప్లగ్గు పెట్టాం.

కిక్కును మెల్లగా తొక్కుతూ అమ్మీటర్ చూడాలి. స్పార్కు పుట్టించే కాంటాక్ట్ పాయింట్లు కలిసి ఉన్నప్పుడు ముల్లు ఎడమకు వాలుతుంది, విడగానే మధ్యకు వస్తుంది. మధ్యకు వచ్చిందంటే పిస్టన్ దాదాపు పైకి చేరింది. అక్కడ సిలిండర్‌లో ఒత్తిడి వదిలే డీకంప్రెసర్ లీవరు పట్టి, కిక్కును ఇంకొంచెం దించి, లీవరు వదిలి, కిక్కును పైకి రానిచ్చి, అప్పుడు నిండుగా ఒక్క తన్ను. ఈ వరస తెలియక మొరటుగా తన్నినవాళ్ల మడమలకు బుల్లెట్ బుద్ధి చెబుతుంది. మొదటి తన్నులకు దగ్గింది, అంతే. స్పార్కు టైమింగ్ ఇంకోసారి చూసి, 350కి ఉండాల్సినట్టు పిస్టన్ పూర్తిగా పైకి చేరడానికి 0.8 మి.మీ. ముందుకు సర్దాక అందుకుంది. మికార్బ్ కార్బొరేటర్‌లో ఐడిలింగ్ దించుతూ దించుతూ పోతే, ఒక్కో పేలుడూ విడిగా వినబడేదాకా వచ్చింది.

నూనె కారుతోంది, అవును. బుల్లెట్ కింద నూనె లేకపోతే లోపలా లేనట్టేనని పాత మాట. అయినా ఇది మామూలు కంటే ఎక్కువ కారుతోంది. గాలి బయటికి వదిలే డక్‌బిల్ రబ్బరు రాయిలా బిగుసుకుపోయింది. కేసులో ఒత్తిడి పోయే దారి లేక ప్రతి ప్యాకింగ్ దగ్గర నుంచి నూనె తోసుకొచ్చింది. చాయ్ ఖర్చు కన్నా తక్కువ రబ్బరు ముక్క. మార్చగానే సగం ఆగింది.

తోటలో

కనగల్‌కు ట్రాలీ మీద తీసుకెళ్లాం. తోట బాట మీద మొదటి, రెండో గేర్లలోనే తిరిగింది, అక్కడక్కడ మూడు. గట్టి నేల మీద నిలకడ బాగుంది, చేతులు వదిలితే తిన్నగానే పోతోంది, అంటే దారంతో చూసుకున్న లెక్క తప్పలేదు. గుంతల్లో మాత్రం నడుము లెక్కలు వేరు. బావ ఒక చుట్టు కొట్టొచ్చి డీజిల్ మాట మళ్లీ ఎత్తాడు.

చైను తీసి చూస్తే రోలర్ల రెండు పక్కలా సమానంగా మెరుస్తోంది. ప్లేట్ల బోల్టులన్నీ మళ్లీ బిగించి చూశాం, ముందు ప్లేటు కింది బోల్టు ఒక్కటే పావు చుట్టు తిరిగింది. అక్కడ అదురుకు వదులు కాని నైలాక్ నట్టు వేశాను. ఎడమ పైపు మీద కేసు తగిలిన గీత పడలేదు.

ఇప్పుడున్న పంచాయితీ గేరింగు. గేర్ బాక్స్‌కు వచ్చింది 16 పళ్ల స్ప్రాకెట్. ప్రైమరీలో 25కు 56, వెనక 16కు 38. టాప్ గేర్‌లో ఇంజిన్ 5.32 చుట్లు తిరిగితే చక్రం ఒకటి తిరుగుతుంది. 19 అంగుళాల చక్రానికి 3.25 టైరుతో ఒక చుట్టుకు రెండు మీటర్ల పైచిలుకు వస్తుంది కాబట్టి, 3,000 చుట్ల మీద వేగం గంటకు 69 కిలోమీటర్ల దగ్గర. 17 పళ్లు వేస్తే అదే ఇంజిన్ వేగానికి 73. తోటకు 16 చాలు, లాగుడు కూడా బాగుంటుంది. కానీ బాట చివర తిన్నటి ముక్కలో మూడో గేరులో ఇంజిన్ గొంతు చించుకుంటుంటే, ఈ పొడుగు స్ట్రోకు ఇంజిన్‌కు ఇంకాస్త నింపాది ఇవ్వాలనిపిస్తోంది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో 17 పళ్లది చెప్పి పెట్టాను. అది క్లచ్ వెనకాల, లోపలి ప్రైమరీ కేసుకు ఆవల ఉంటుంది, కాబట్టి మార్చాలంటే ఎడమ పక్క మొత్తం విప్పాలి. ఎలాగూ విప్పుతాం కనుక క్లచ్ ప్లేట్లు, ప్రైమరీ కవరు రబ్బరు ప్యాకింగ్ కూడా అప్పుడే మారుస్తాం. మెకానిక్ వచ్చే ఆదివారం రమ్మన్నాడు, క్లచ్ పుల్లర్ నన్నే తెచ్చుకోమన్నాడు.